నిలబడి కలుపు తీసే పార

మా వదిన నడుము పట్టేసింది టమాటా సాళ్ళ మధ్యలో. పొద్దున్నుంచి గొంతుకూర్చుని కలుపు తీస్తూ, సాలు చివరికి వచ్చాక లేవబోయింది. లేవలేకపోయింది. రెండు చేతులూ నేలకు ఆనించి, తల వంచుకుని అట్లాగే ఉండిపోయింది. మా అన్న పాలవ్యాను తోలుతాడు, ఆ పూట ఇంట్లో లేడు. నాకు వారపు సెలవు కాబట్టి నేను తోటలో ఉన్నాను. పరుగెత్తి వెళ్ళి భుజాల కింద చేతులు వేయబోతే, "లేపొద్దు మే, ఇరిగిపోతాది" అంది. ఏడవలేదు. కాసేపటికి, "ఆ మూల తుంగ ఉండాది సూడు, అది పీకెయ్. సాలు అయిపోతాది" అంది.

పలమనేరు దగ్గర మా ఊరు. నేను బస్సులో లేడీ కండక్టరుని. చిత్తూరుకూ పలమనేరుకూ మధ్య ఘాటు రోడ్డు ఎక్కుతూ దిగుతూ నా ఉద్యోగం గడిచిపోతోంది. పెళ్ళి చేసుకోలేదు, అన్నా వదినలతోనే ఉంటున్నాను. ఇంటి వెనక అర ఎకరా కూరగాయల తోట మొత్తం వదినదే. టమాటా, బీన్సు, వంగ, గట్ల మీద కాకర. అన్న నీళ్ళు కట్టిపోతాడు. తక్కినదంతా ఆమె చేతుల మీద జరుగుతుంది. అందులో సగానికి పైగా కలుపు తీయడమే. మా నేలలో తుంగ ఒకసారి దిగిందంటే పైన పీకినకొద్దీ కింద గడ్డలు వేసుకుంటూ పోతుంది. గరిక సంగతి చెప్పనక్కరలేదు.

చిత్తూరులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పెట్టి చూసి, "వంగే పని మానెయ్యాలమ్మా" అన్నాడు.

"మానేస్తే గడ్డి ఎవరు తీస్తారు సార్?" అంది వదిన.

"మనిషిని పెట్టుకోండి."

"ఆ మనిషికి నడుముండదా సార్?"

ఆయన తలెత్తి ఒకసారి చూసి, మాత్రలు రాసి, తర్వాతి వాళ్ళను పిలవమన్నాడు.

బస్టాండు దాకా కోపంగానే నడిచాను. కోపం డాక్టరు మీదే అనుకున్నాను. బస్సెక్కి కూర్చున్నాక, ఆయన ఒక్కడి మీద మాత్రమే కాదని తెలిసింది. కలుపు తీయాలంటే వంగక తప్పదని మాకు ఎవరు చెప్పారు? మా అన్న కాలువ తీసేటప్పుడు నిలబడే ఉంటాడు. గట్టు చెక్కే మగవాడు నిలబడే చెక్కుతాడు. మందు కొట్టేవాడూ నిలబడే కొడతాడు. ఆడదాని చేతికిచ్చే పనిముట్టుకు మాత్రం జానెడు పిడి. మేము తొలిక అంటాం దాన్ని, చిన్న పిడికి ఆకులా వంచిన ఇనుప ముక్క. దాన్ని పట్టుకున్నారంటే వంగనైనా వంగాలి, కూర్చుని జరగనైనా జరగాలి. నా చిన్నప్పుడు మా అమ్మ కూలికి పోయేది. బడి నుంచి వస్తూ చేలల్లో ఆడవాళ్ళ వీపులు చూసి ఎవరెవరో చెప్పేవాళ్ళం పిల్లలం. ముఖాలు చూసే పని లేదు. అది మాకు ఆటగా ఉండేది.

మరుసటి వారం డ్యూటీ దిగాక చిత్తూరు బజారులో ఇనప సామాన్ల అంగడికి వెళ్ళాను. అంగడాయన పెద్దమనిషి, నుదుట విభూతి, పక్కన రేడియో.

"నిలబడి కలుపు తీసేదానికి ఏమన్నా ఉంటే చూపించన్నా" అన్నాను.

ఆయన తొలిక తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది కాదన్నా. నిలబడి తీసేది."

"నిలబడి తీసేది మగోళ్ళ పార. అది మీరు ఎత్తలేరమ్మా."

"నేను ఎత్తి చూస్తాను, ఇయ్యన్నా."

తీసిచ్చాడు. నిజంగానే బరువు. మట్టి ఎత్తి పోయడానికి చేసిన పార అది, కలుపుకు చేసింది కాదు. పలక అంత వెడల్పుంటే టమాటా మొదళ్ళ మధ్య పట్టదు. గడ్డితోపాటు మొక్కా లేచిపోతుంది. పలక సన్నగా, పిడి పొడుగ్గా, తేలిగ్గా ఉన్నది కావాలన్నాను. "ఎవురికమ్మా?" అన్నాడు. మా వదినకన్నాను. "ఆడోళ్ళకు పొడుగు పిడి ఎవురూ అడగరు. అడిగితే గదా మేం తెప్పించేది" అన్నాడు. నిజమే, ఎవరూ అడిగి ఉండరు. జానెడు పిడి చేతికిచ్చి దించిన నడుములు అంగడి దాకా వచ్చి ఏమడుగుతాయి?

చివరికి ఆయన ఒక రంగు రంగుల పెట్టె దించాడు. లోపల చిన్న పార, మూడు పళ్ళున్న చిన్న ముళ్ళపార, ఇంకా ఏవో. ఆకుపచ్చ పిడులు. పెట్టె మీద తెల్లటి బట్టల్లో ఒక ఆడమనిషి నవ్వుతూ నిలబడి ఉంది. "లేడీస్ సెట్టు ఇది. జాయింటు పిడి ఉండాది, పొడుగు చేసుకోవచ్చు" అన్నాడు. పిడి పొడుగవుతుందన్న ఒక్క మాటకు పడిపోయి తెచ్చాను.

వదిన అందులోని ముళ్ళపార పట్టుకుని తోటలో దిగింది. తుంగ మొదట్లో పెట్టి నొక్కిందో లేదో ముళ్ళపార పళ్ళు మూడూ మూడు వైపులకు తిరిగాయి. పొడుగు చేసిన పిడి అతుకు దగ్గర కిందికి వాలిపోయింది. వదిన దాన్ని ఎత్తి చూపించి, "ఇది నాకన్నా ముందే నడుం పడిపోయినట్టుండాదే" అంది. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వంగిన ముళ్ళపారను పెట్టెతో సహా సంచీలో వేసుకుని మళ్ళీ అంగడికి పోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యాడ వాడినారమ్మా?"

"టమాటా తోటలో."

"అయ్యో, ఇది మిద్దె మీద కుండీలకు తల్లీ. తోటకు పనికిరాదు."

"టమాటా తోటకని నేను మొదటే చెప్పినాను గదన్నా."

"మీరు లేడీస్‌కన్నారు, నేను లేడీస్ సెట్టు ఇచ్చినాను."

అంగట్లో ఉన్న ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు నా వైపు తిరిగారు. బస్సులో రోజూ గొంతులు వినేదాన్ని నేను, నా గొంతు నాకు బాగా తెలుసు. అప్పుడు దాన్ని కొంచెం పెంచాను. "లేడీస్‌కు అంటే ఇరిగిపోయేదని అర్థమా అన్నా? మా వదిన చేసే పని మిద్దె మీది పని కాదు. మీ ఇంట్లో సాంబార్లోకి పడే టమాటా ఆ తోటల నించే వస్తాది" అన్నాను. ఆయన వాపసు తీసుకోలేదు. వాడిన సామాను మేం తీసుకోం అన్నాడు. పెట్టెను ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చేశాను.

తర్వాత మా ఊరి మహిళా సంఘంలో చక్రం పార ఒకటి ఉందని తెలిసింది. ఎప్పుడో ప్రభుత్వం తరఫున వచ్చిందట, సంఘం గదిలో మూల పడి ఉంది. ముందు చక్రం, వెనక పలక, తోసుకుంటూ పోవాలి. నిలబడే పని. మంచిదే అనుకుని అడిగి తెచ్చాను. అది మొక్కజొన్న లాంటి చేలల్లో బాగా నడుస్తుందేమో గానీ, మా టమాటాకు నిండా ఊతకర్రలు, కర్ర నుంచి కర్రకు కట్టిన దారాలు. చక్రం పోయిన ప్రతిచోటా దారం చుట్టుకుంది. పైగా దాని పిడి మా అన్న ఎత్తుకు సరిపోయింది. వదిన పొట్టి మనిషి. రెండు చేతులూ భుజాల పైకెత్తి తోయాల్సి వచ్చింది. ఆడవాళ్ళ సంఘానికి ఇచ్చిన పనిముట్టును ఏ ఆడదాని ఎత్తుకు కొలిచి చేశారో అని అడగాలనిపించింది. అడగడానికి ఎవరున్నారు? అన్న దాన్ని తిరిగి సంఘం గదిలో పెట్టి వచ్చాడు.

ఆ రాత్రి అన్నం తింటూ వదిన అంది: "మనకేం కావల్లో మనమే చెప్పి చేయించుకుందాంలే మే. దోకుడు పార ఉండాది గదా, కళ్ళం దోకేది. దాన్నే సన్నంగా, చిన్నగా చేస్తే?" దోకుడు పార అంటే నేలను పైపైన గీకే పార. మట్టిని లోతుగా తవ్వదు, గడ్డిని నేల మట్టానికి కింద కోసి లాగేస్తుంది. వదిన చీపురు తీసుకుని వంటింట్లో నిలబడి, వంగకుండా లాగడానికి చేతులు ఎక్కడుండాలో చూసుకుంది. నేను పుల్లతో ఆమె రొమ్ము ఎత్తు కొలిచాను.

పలమనేరులో వెల్డింగు షాపుకు ఇద్దరం పోయాం. ఆ కుర్రాయన పలక అడిగినట్టే కోసిచ్చాడు గానీ, పిడికి ఇనప గొట్టమే వేస్తానని పట్టుబట్టాడు. కట్టె వేస్తే విరిగిపోయి తనకు చెడ్డపేరు వస్తుందట. గొట్టం వేస్తే బరువని మేము. వాదించి వాదించి చివరికి ఆయన గొట్టమే అతికించి చేతికిచ్చాడు. వదిన దాన్ని పట్టుకుని షాపు ముందు రోడ్డు పక్కనున్న గరిక మీద లాగింది. రెండు మూడుసార్లు లాగి ఆగిపోయింది. ఎదురుగా టీ అంగడి ముందు నిలబడ్డ మగవాళ్ళు వినోదం చూస్తున్నారు.

"ఏమ్మా, మున్సిపాలిటీ రోడ్డు దోకతా ఉండావా?" అన్నాడొకడు.

"దోకల్ల గదన్నా మరి, మీరు తాగి పారేసిన కప్పులన్నీ ఈడనే ఉండాయి" అంది వదిన, తల తిప్పకుండానే. వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. ఆమె వెల్డింగు ఆయన వైపు తిరిగి, "అబ్బయ్యా, ఇది నువ్వు ఒక పూట లాగి సూపిస్తే నేనిట్లే తీసుకుపోతాను" అంది. ఆయన గొట్టం కోసేసి, కట్టె దూర్చుకోవడానికి వీలుగా చిన్న గూడు అతికించాడు. కట్టె మేమే చూసుకున్నాం. వెదురు తేలిక, కానీ చేతిలో తిరిగిపోయింది. నీలగిరి కర్ర చెక్కు తీసి నునుపు చేసి అన్న బిగించాడు. పలక వంపు మరీ ఎక్కువై నేలలోకి దిగుతోందని మళ్ళీ ఒకసారి పోయి వంపు తీయించాం.

ఆ పార భుజాన పెట్టుకుని నేనే బస్సెక్కాను ఆ రెండోసారి. డ్రైవరు, "అదేంది, లగేజీ టికెట్టు కొట్టుకున్నావా?" అని ఎగతాళి చేశాడు. కొట్టుకున్నానన్నాను.

వదిన ఆ పారతో తోటలో దిగిన మొదటి పొద్దు నాకు బాగా గుర్తు. ఎండ ఇంకా ముదరలేదు. ఆమె నిటారుగా నిలబడి, ఒక కాలు ముందుకు పెట్టి, పారను తన వైపుకు లాగుకుంటూ పోతోంది. లేత కలుపు తెగి వెనక్కి పడుతోంది. మొక్క మొదట్లో ఉన్నదాన్ని పలక మూలతో గీకుతోంది. ముదిరిన తుంగ గడ్డలకు అది చాలదు, వాటికి ఎప్పుడో ఒకప్పుడు కూర్చోక తప్పలేదు. కానీ తక్కినదంతా నిలబడే అయిపోయింది. మధ్యలో ఆగి, దారిన పోయే వాళ్ళతో ఎదురుగా ముఖం చూసి మాట్లాడింది. పని చేస్తూ ఉన్న మా వదిన ముఖం తోటలో నేను చూడటం అదే మొదటిసారి.

పక్క తోట ఒక పెద్ద ఆసామిది. అక్కడ బీన్సు, క్యాబేజీ. కలుపుకు మా ఊరి ఆడవాళ్ళే గుంపుగా పోతారు. వాళ్ళు గట్టు దగ్గరికి వచ్చి పారను ఒక్కొక్కరే లాగి చూశారు. ఎక్కడ చేయించారని అడిగారు. కొద్దికాలంలోనే చాలామంది చేయించుకున్నారు. ఎవరి ఎత్తుకు వాళ్ళు కట్టె కోసుకున్నారు. అందరూ వాటిని తీసుకుని ఆసామి తోటలో దిగిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను.

ఆయన గట్టు మీద నిలబడి కాసేపు చూసి, "ఏంది ఇది? పార్కులో పనా?" అన్నాడు.

"కలుపేనన్నా. సూడు, తెగతా ఉండాది గదా" అంది గుంపులో పెద్దావిడ.

"నిలబడితే మాటలు పెరుగుతాయి, పని తరుగుతాది. వంగి తీస్తేనే వేరుతో వస్తాది. అవి ఆడ పెట్టేసి తొలికలు తీసుకోండి."

"సాళ్ళు లెక్కపెట్టుకో అన్నా. తక్కువైతే అడుగు."

"లెక్క నాకు నేర్పిస్తావా?"

ఆయనకు సాళ్ళతో పని లేదు. ఆడవాళ్ళు తన ఎదురుగా నిటారుగా నిలబడి ఉండటమే ఆయన కళ్ళకు గిట్టలేదు. వంగిన వీపులు కనబడితేనే పని జరుగుతోందని ఆయన నమ్మకం. నేను గట్టు దాటి వెళ్ళి ఆ మాటే అన్నాను. "నువ్వు నీ బస్సు సూసుకోమ్మా" అన్నాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తొలికలు తీసుకోలేదు. పారలు భుజాన వేసుకుని ఇళ్ళకు వచ్చేశారు. కూలి పోయిందన్న బాధ అందరి ముఖాల్లోనూ ఉంది. రేపు పిలుస్తాడులే అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

పిలవలేదు. కలుపుమందు కొట్టించాడు. ట్యాంకు వీపుకు తగిలించుకున్న మనిషి ఒకడు వచ్చి, గాలి వీచే పూట, సాళ్ళ మధ్య కొట్టుకుంటూ పోయాడు. ఆడవాళ్ళందరి పనీ వాడొక్కడే ముగించాడు. కొన్నాళ్ళకు ఆసామి గట్టు వైపు బీన్సు తీగలే పసుపెక్కాయి. మా టమాటాలోనూ ఆ గట్టు పక్క సాళ్ళలో ఆకులు మెలి తిరిగి, చిగుళ్ళు ముడుచుకుపోయాయి. అప్పుడే పూతకు వచ్చిన మొక్కలు. వదిన ఒక కొమ్మ తుంచుకుని ఆయన ఇంటికి పోయింది. నేనూ వెంట వెళ్ళాను.

"గాలికి నేనేం సేసేది?" అన్నాడు.

"గాలిని నేను అడగలేదన్నా. ఒక్కసారి వచ్చి సూడమంటా ఉండాను" అంది వదిన.

ఆయన రాను రానంటూనే వచ్చాడు. మా సాళ్ళ మధ్య నడిచాడు. ఎండిన చిగుళ్ళను చేత్తో పట్టుకుని చూశాడు. గట్టు దాటి తన తోటలోకి పోయి, అక్కడి బీన్సు తీగల్ని కూడా అట్లాగే పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు. ఆడవాళ్ళు నిలబడటం చూడలేక తన పంటనే కాల్చుకున్న మనిషి మీద జాలి ఎట్లా కలుగుతుంది?

ఆ సాళ్ళు మాకు కాయలేదు. వదిన వాటిని పీకేసి అక్కడ గోరుచిక్కుడు వేసింది.

తర్వాతి పంటకు ఆసామి మనిషి చేత కబురు పంపాడు, కలుపుకు రమ్మని. ఆడవాళ్ళు పారలతోనే వస్తామని చెప్పి పంపారు. వాళ్ళు పారలు తీసుకుని పోయారు, ఆయన గట్టు మీదికి రాలేదు. దాన్నే ఒప్పుకోవడం అనుకున్నారు. "తప్పయింది" అన్న మాట ఆ నోట మేము వినలేదు. మా పక్క ఊళ్ళలో ఇప్పటికీ తొలికలే. అక్కడి ఆసాములు ఈయనను చూసి, ఆడవాళ్ళకు లొంగిపోయినాడని నవ్వుకుంటున్నారని విన్నాను.

గుంపులో పెద్దావిడ సంగతి చెప్పాలి. ఆసామికి ఎదురు చెప్పింది ఆమే. అందరికంటే ముందు పార చేయించుకున్నదీ ఆమే. ఒకరోజు మా వాకిట్లోకి వచ్చి, పారను అన్న చేతికిచ్చి, "దీన్ని కోసియ్యి నాయనా" అంది.

"ఎందుకు పెద్దమ్మా, పిడి చీలిందా?" అన్నాడు అన్న.

"చీల్లేదు. నాకు అందడం లేదు."

ఆమె నిలబడే ఉంది మా ముందు. అదే ఆమె నిలబడటం. నడుము దగ్గర మడత పడి, ముఖం నేల వైపు ఉంది. మాతో మాట్లాడాలంటే మెడ పక్కకు తిప్పుతోంది. అందరిలా పొడుగు పిడే పెట్టించుకుని, తనూ నిటారుగా లాగుదామని ఇన్నాళ్ళు ప్రయత్నించిందట. నడుము పైకి రాలేదు. పొడుగు పిడి ఆమె భుజం దాటి గాల్లో ఊగుతోందట.

"డాక్టరుకు సూపిద్దామా పెద్దమ్మా?" అన్నాను.

"సూపించేదేముందమ్మే. వంగి వంగి అట్లే నిలిచిపోయింది. మీరు ఈ పార ముందే తెచ్చింటే బాగుండు" అంది. తప్పు పట్టినట్టు అనలేదు, మామూలుగా అంది.

అన్న రంపం తెచ్చాడు. ఎంత దాకా కోయాలో కొలవడానికి వదిన పారను ఆమె పక్కన నిలబెట్టింది. ఆమె చేయి ఎక్కడ ఆనిందో అక్కడ బొగ్గుతో గీత పెట్టింది. అన్న కోశాడు. పిడిలో సగానికి పైగా కింద పడింది. పెద్దావిడ పొట్టిదైన పారను ఒకసారి నేల మీద లాగి చూసుకుని, "ఇప్పుడు సరిపోయింది" అని వెళ్ళిపోయింది.